గెట్ అంటే ‘పొందు’ అని బట్టీ పడితే ఎక్కడ చిక్కొస్తుంది?

మీరు అడిగింది ఇదీ. స్కూల్లో ‘గెట్ అంటే పొందు’ అని నేర్పారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక రోజూ వినే గెట్‌లలో సగానికి ఆ అర్థం అతకడం లేదు. ‘ఐ డోంట్ గెట్ ఇట్’, ‘ఇట్స్ గెటింగ్ లేట్’, ‘గెట్ ఇట్ డన్ బై ఫ్రైడే’, ‘హి గాట్ ఫైర్డ్’ - వీటిలో ఎవరూ ఏమీ పొందట్లేదు. నిఘంటువు తెరిస్తే పేజీలకు పేజీలు ఉన్నాయి. అవన్నీ బట్టీ పట్టాలా, వేరే దారి ఉందా? అమెరికా క్లయింట్లు గెట్‌కు మూడో రూపంగా వాడే ‘గాటెన్’ ఒప్పా తప్పా?

బట్టీ వద్దు. ఇంగ్లీషు పాఠాలు చెప్పడమే నా పని కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. అర్థాల పట్టిక రాసుకున్నవాళ్ళు నోరు తెరిచే సమయానికి ఆ పట్టిక వాళ్ళకు అడ్డమే వస్తుంది.

అసలు చిక్కు ‘పొందు’ అనే మాటలోనే ఉంది. మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడైనా పొందు అంటామా? సన్మాన పత్రంలో ‘అవార్డు పొందిన’ అని రాస్తాం, ప్రభుత్వ పథకాల్లో ‘లబ్ధి పొందినవారు’ అంటాం. ఇంట్లో మాత్రం ‘నేను ఉద్యోగం పొందాను’ అని ఎవరూ అనరు. ‘నాకు ఉద్యోగం వచ్చింది’ అంటాం. ‘నాకు జ్వరం వచ్చింది’, ‘నాకు కోపం వచ్చింది’, ‘నాకు మెయిల్ వచ్చింది’, ‘నాకు తక్కువ మార్కులు వచ్చాయి’ అంటాం. వీటిని ఇంగ్లీషులో పెట్టి చూడండి. ‘ఐ గాట్ ఏ జాబ్’, ‘ఐ గాట్ ఏ ఫీవర్’, ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ గాట్ ఏ మెయిల్’, ‘ఐ గాట్ లో మార్క్స్’. అన్నిటికీ గెట్ సరిపోయింది. గెట్‌కు తెలుగులో దగ్గరి చుట్టం ‘వచ్చు’. దాని పక్కనే ‘దొరుకు’, ‘అవు’ కూడా ఉంటాయి. నూజివీడులో మంచి మామిడిపళ్ళు దొరుకుతాయి అనాలంటే ‘యూ గెట్ గుడ్ మ్యాంగోస్ ఇన్ నూజివీడు’ అంటే చాలు. ఆ ‘యూ’ మీరు కాదు, ఎవరైనా అని.

తేడా ఎక్కడంటే, తెలుగులో వచ్చేది వస్తువు, మనిషి ‘నాకు’ అని పక్కన నిలబడతాడు. ఇంగ్లీషులో మనిషి ముందుకొచ్చి కర్త అవుతాడు. ‘నాకు ఫలానాది వచ్చింది, దొరికింది’ అని మనసులో మెదిలితే నోట ‘ఐ గాట్’ రావచ్చు. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు తప్పు పోదు.

తప్పు పోయే చోట్లు కూడా చెప్తాను. ‘నాకు ఇంగ్లీషు వచ్చు’ అన్నప్పుడు అది ‘ఐ నో ఇంగ్లీష్’. ‘నాకు నవ్వొచ్చింది’కి గెట్ కుదరదు, ‘ఇట్ మేడ్ మి లాఫ్’ అనాలి. ‘నాకో డౌటొచ్చింది’ని మనవాళ్ళందరూ ‘ఐ గాట్ ఏ డౌట్’ అంటారు. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్ళ చెవికి మాత్రం డౌట్ అంటే అపనమ్మకం. క్లాసులో చెయ్యెత్తి డౌట్ అంటే, మీరు చెప్పింది నేను నమ్మట్లేదు అన్నట్టు ఉంటుంది. ‘ఐ హావ్ ఏ క్వశ్చన్’ అంటే ఏ గొడవా లేదు.

పైన కోపం ఉదాహరణను ఇంకోసారి చూడండి. కోపం తెలుగులో నామవాచకం, దాన్ని అలాగే దించితే ‘ఐ గాట్ యాంగర్’ అవుతుంది, అది తప్పు. గెట్ తర్వాత నామవాచకం వస్తే చేతికి అందడం, విశేషణం వస్తే మారడం. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకుంటే చాలా గెట్‌లు వాటంతట అవే విడిపోతాయి. ‘హి గాట్ ఏ డాక్టర్’ అంటే డాక్టర్ని పిలుచుకొచ్చాడు అని. వాళ్ళబ్బాయి డాక్టర్ అయ్యాడు అని చెప్పాలంటే ‘బికేమ్ ఏ డాక్టర్’ అనాల్సిందే, గెట్ పనికిరాదు. ‘గెట్ ఓల్డ్’, ‘గెట్ వెట్’, ‘గెట్ డార్క్’, ‘గెట్ బెటర్’ మాత్రం నిక్షేపంగా వాడొచ్చు. విశేషణాల్లోనూ కొన్ని గెట్‌ను దగ్గరికి రానివ్వవు. పాలు విరిగితే ‘వెంట్ సవర్’, బట్టతల వస్తే ‘వెంట్ బాల్డ్’, ముఖం ఎర్రబడితే ‘టర్న్‌డ్ రెడ్’. చెడు వైపు జారే మార్పులు చాలావరకు గో దగ్గరికి పోతాయి. దీనికి నియమం వెతక్కండి, వినగా వినగా పట్టుబడేదే.

మార్పు అనే ఈ లక్షణమే గెట్‌కు మూలం. బీ క్రియ (ఈజ్, ఆర్, వాజ్ లాంటివి) స్థితిని చెబుతుంది, గెట్ ఆ స్థితిలోకి వెళ్ళడాన్ని చెబుతుంది. ‘దే ఆర్ మ్యారీడ్’ అంటే వాళ్ళు భార్యాభర్తలు. ‘దే గాట్ మ్యారీడ్ ఇన్ 2015’ అంటే పెళ్ళి అన్న ఘట్టం ఆ ఏడాది జరిగింది. మనం రెండింటికీ ‘పెళ్ళయింది’ అనేస్తాం కాబట్టి ‘దే ఆర్ మ్యారీడ్ ఇన్ 2015’ లాంటి వాక్యాలు పుట్టుకొస్తాయి. ‘ఫలానా అతనితో పెళ్ళయింది’లోని ‘తో’ని పట్టుకుని ‘గాట్ మ్యారీడ్ విత్’ అనడం ఇంకొకటి. ఇంగ్లీషులో అక్కడ ‘టు’ రావాలి.

చోటు మారడం కూడా మార్పే. ‘హౌ డు ఐ గెట్ టు ద స్టేషన్?’ అంటే స్టేషన్‌కు ఎలా వెళ్ళాలి అని. ఇక్కడ మన ‘కి’ విభక్తి ఒక పేచీ పెడుతుంది. ‘ఇంటికి చేరాను’ అనుకుంటూ ‘ఐ గాట్ టు హోమ్’ అంటారు. హోమ్, హియర్, దేర్ - ఈ మూడిటి ముందు ‘టు’ ఉండదు. ‘ఐ గాట్ హోమ్ అట్ నైన్’, అంతే.

‘ఐ డోంట్ గెట్ ఇట్’ కూడా ఈ కోవలోదే. విషయం బుర్రలోకి చేరలేదు అని. ఈ అర్థం వింతగా తోస్తే మన ‘గ్రహించు’ని తలుచుకోండి. సంస్కృతంలో గ్రహ్ అంటే పట్టుకోవడం. పట్టుకోవడం నుంచి తెలుసుకోవడానికి మనమూ అలాగే వచ్చాం. గెట్ పూర్వీకం కూడా ఇలాంటిదే. ఇది పాత ఇంగ్లీషు నుంచి నేరుగా రాలేదు, ఇంగ్లండ్ మీదికి వచ్చి స్థిరపడిన స్కాండినేవియా వాళ్ళ భాష నుంచి వచ్చింది. టేక్, దే, స్కై, విండో కూడా ఆ దారినే వచ్చాయి. వాళ్ళ ‘గెటా’కి అర్థం అందుకోవడం, సంపాదించడం. దానికి వెనకున్న ఇండో యూరోపియన్ ధాతువుకు పట్టుకోవడం అని అర్థం. అదే ధాతువు లాటిన్ మీదుగా వచ్చి ‘కాంప్రహెండ్’ అయింది. అంటే పరీక్షలో భయపెట్టే కాంప్రహెన్షన్, మీటింగ్‌లో చులకనగా వినిపించే ‘గాట్ ఇట్’ ఒకే ఇంటివి. ఫర్‌గెట్‌లో ఉన్న గెట్ కూడా ఈ కుటుంబానిదే. పట్టు జారిపోవడమే మరచిపోవడం.

ఇక మనవాళ్ళు ఎక్కువగా తడబడే చోటికి వద్దాం, ‘గెట్ ఇట్ డన్’. తెలుగులో దీనికి ‘ఇంచు’ ఉంది. చేయించు, కుట్టించు, కట్టించు, పీకించు. క్రియకు చిన్న తోక తగిలిస్తే పని వేరొకరి చేత జరిగిందని తెలిసిపోతుంది. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. అందువల్ల పన్ను పీకించుకున్న మనిషి మర్నాడు ఆఫీసులో ‘ఐ రిమూవ్డ్ మై టూత్ యెస్టర్‌డే’ అంటాడు. విన్న విదేశీయుడికి కళ్ళ ముందు అద్దం, చేతిలో పట్టకారు, రక్తం కనిపిస్తాయి. ‘ఐ కట్ మై హెయిర్’ అన్నా అంతే, కత్తెర మీరే పట్టుకున్నారని అర్థం. అనాల్సింది ‘ఐ గాట్ మై టూత్ రిమూవ్డ్’, ‘ఐ గాట్ మై హెయిర్ కట్’. వరుస ముఖ్యం. గెట్, తర్వాత వస్తువు, తర్వాత క్రియ మూడో రూపం. ‘ఐ గాట్ కట్ మై హెయిర్’ అని మధ్యలో తారుమారు చేస్తే వాక్యం కుప్పకూలుతుంది. గాట్ బదులు హ్యాడ్ వాడినా ఇదే వరుస. ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’ అంటే చేయించుకున్నాను, ‘ఐ హ్యాడ్ కట్ మై హెయిర్’ అంటే అప్పటికే నేనే కత్తిరించుకున్నాను. రెండు మాటలు చోటు మారితే మంగలి మాయమైపోయాడు.

మనిషి చేత చేయించినప్పుడు ఇంకో మెలిక ఉంది. ‘మేనేజర్ చేత సంతకం పెట్టించాను’ అని తెలుగులో అంటే, బతిమాలారో, బెదిరించారో, మామూలుగా ఫైలు ముందు పెట్టారో తెలియదు. ఇంగ్లీషు అక్కడ తేల్చి చెప్పమంటుంది. ‘ఐ గాట్ హిమ్ టు సైన్’ అంటే ఏదో నచ్చజెప్పి, కాస్త తిరిగి పెట్టించాను అని. ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అంటే పెట్టక తప్పని పరిస్థితి కల్పించాను. ‘ఐ హ్యాడ్ హిమ్ సైన్’ అంటే పనిలో భాగంగా పెట్టించాను, ప్రత్యేకంగా కష్టపడలేదు. పై అధికారి గురించి మేడ్ వాడితే వినేవాళ్ళు కనుబొమలు ఎగరేస్తారు, చూసుకోండి. గెట్ తర్వాత మాత్రమే ‘టు’ వస్తుంది. మేక్, హ్యావ్ తర్వాత రాదు. ‘మేడ్ హిమ్ టు సైన్’ మన ఆఫీసు మెయిళ్ళలో కొల్లలుగా కనిపిస్తుంది, అది తప్పే.

‘హి గాట్ ఫైర్డ్’ విషయానికొస్తే, ఇది కర్మణి వాక్యం, ‘వాజ్’ ఉండాల్సిన చోట గాట్ కూర్చుంది. వాజ్‌కు, గాట్‌కు రంగు తేడా ఉంది. గాట్ వాడితే ఆ మనిషికి ఏదో తగిలింది, మంచో చెడో, చాలాసార్లు చెడే, అన్న భావం వస్తుంది. గాట్ ఫైర్డ్, గాట్ రాబ్డ్, గాట్ ప్రమోటెడ్ బాగుంటాయి. చార్మినార్ 1591లో కట్టారు అని చెప్పేటప్పుడు ‘చార్మినార్ గాట్ బిల్ట్’ అంటే బాగోదు, ‘వాజ్ బిల్ట్’ అనాలి. ఫోన్ పోతే ‘మై ఫోన్ గాట్ స్టోలెన్’ అనండి. ‘ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్’ అంటే పై పేరాలోని చేయించడం గుర్తొచ్చి, దగ్గరుండి దొంగతనం చేయించినట్టు వినిపించే ప్రమాదం ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా మీకు. ‘ఫైల్ తెరుచుకోవట్లేదు’, ‘ఫారం సబ్మిట్ అవ్వట్లేదు’, ‘డేటా లోడ్ అవుతోంది’. మన ‘కోవడం’, ‘అవ్వడం’ రెండింటికీ గెట్ అతికించి ‘ద ఫైల్ ఈజ్ నాట్ గెటింగ్ ఓపెన్డ్’, ‘డేటా ఈజ్ గెటింగ్ లోడెడ్’ అని రాస్తారు. సమస్యలు నమోదు చేసే టికెట్లలో, చాట్లలో ఎక్కడ చూసినా ఇదే. దీనికి గెట్ అక్కర్లేదు. ఓపెన్, లోడ్, క్లోజ్, స్టార్ట్, బ్రేక్ లాంటి క్రియలు ఇంగ్లీషులో తమంతట తామే జరిగిపోగలవు. ‘ద ఫైల్ వోంట్ ఓపెన్’, ‘డేటా ఈజ్ లోడింగ్’, ‘ద ఫారం వోంట్ సబ్మిట్’. ఇక్కడ వోంట్ అంటే భవిష్యత్తు కాదు, ఎంత ప్రయత్నించినా మొరాయిస్తోంది అని. లాగిన్ అవ్వకపోతే ‘ఐ కాంట్ లాగ్ ఇన్’. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే మీ రాత చాలా తేలికపడుతుంది.

చూడటానికి కవలల్లా ఉండి ఎదురెదురు అర్థాలిచ్చే జంట ఒకటి ఉంది. ‘ఐ గెట్ టు గో’ అంటే వెళ్ళే అవకాశం దక్కింది, సంతోషం. ‘ఐ హావ్ గాట్ టు గో’ అంటే వెళ్ళక తప్పదు. రెండోదే మాటల్లో నలిగి ‘ఐ గాటా గో’ అవుతుంది. ఆన్‌సైట్‌కు పంపుతున్నారని సంబరపడుతూ ‘ఐ హావ్ గాట్ టు గో టు లండన్’ అంటే, పాపం బలవంతంగా పంపుతున్నారేమో అని సానుభూతి చూపిస్తారు.

మనదైన గెట్‌లు రెండు మూడు ఉన్నాయి. బస్సు దిగడాన్ని ‘గెట్ డౌన్’ అంటాం, అక్కడ బయటివాళ్ళు ‘గెట్ ఆఫ్’ అంటారు. లోపల నిలబడి నడవగలిగేవి - బస్సు, రైలు, విమానం - అయితే ఆన్, ఆఫ్. కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చునే బైకు, గుర్రానికీ అంతే. వంగి దూరాల్సిన కారుకు, ఆటోకు ఇన్, అవుట్ ఆఫ్. సినిమా అయిపోయిందని ‘ద మూవీ గాట్ ఓవర్’ అంటాం. వాళ్ళకు గెట్ ఓవర్ అంటే జబ్బు నుంచో, బాధ నుంచో తేరుకోవడం. అయిపోయింది అనడానికి ‘ఈజ్ ఓవర్’, ‘ఎండెడ్’ చాలు. ‘ఐయామ్ నాట్ గెటింగ్ యూ’ అని కాల్‌లో అంటాం. వాళ్ళు ‘ఐ డోంట్ గెట్ యూ’ అంటారు, కొంచెం మర్యాదగా కావాలంటే ‘ఐయామ్ నాట్ ఫాలోయింగ్ యూ’. ఇవి తప్పులని నేను అనను. కోట్లమంది రోజూ మాట్లాడుకుని పని జరుపుకునే ఇంగ్లీషు అది, ఆర్టీసీ బస్సులో ‘గెట్ డౌన్’ అంటే దిగని వాడు లేడు. అవతలివాడు ఎక్కడివాడో చూసి మార్చుకోగలిగితే చాలు.

గెట్ పక్కన చిన్న మాట చేరి పుట్టే వాడుకలు, గెట్ అప్, గెట్ అలాంగ్, గెట్ బై, గెట్ అవే విత్ లాంటివి, వాక్యంతో సహా ఎదురైనప్పుడు రాసుకోండి. ఒకేసారి యాభై పట్టుకోవద్దు. కొన్ని మనకు ఇప్పటికే సొంతం. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ‘గెట్ టుగెదర్’ లేని ఏడాది ఉండదు. ‘కృష్ణుడి గెటప్’ అని మనం వాడేది కూడా అచ్చమైన ఇంగ్లీషే, వేషధారణ అనే అర్థం వాళ్ళకూ ఉంది. ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ’ గురించి మాత్రం ఒక హెచ్చరిక. నిఘంటువు ప్రకారం మళ్ళీ చెప్తాను అని. ఆఫీసులో చాలాసార్లు ‘చూద్దాంలే’ అని. తేదీ చెప్పకుండా అవతలివాళ్ళు ఈ మాట అంటే మీరే గుర్తు చేయాల్సి వస్తుంది.

రాతలో ఎంతవరకు వాడొచ్చు? సహోద్యోగికి రాసే మెయిల్‌లో ‘ఐ గాట్ యువర్ మెయిల్’ చాలు. వ్యాసంలోనో, నివేదికలోనో గెట్ తగ్గించి రిసీవ్, అబ్టేన్, బికమ్, అరైవ్ లాంటివి వాడమంటారు, అది సబబే. గెట్ చవకబారుదని మాట్లాడేటప్పుడు కూడా దాన్ని తప్పించుకు తిరగడం మాత్రం నాకు నచ్చదు. క్యాంటీన్‌లో ‘ఐ విల్ ప్రొక్యూర్ ఏ కాఫీ’ అంటే తహసీల్దారు కార్యాలయం నుంచి మెమో వచ్చినట్టుంటుంది. అమెరికాలో కౌంటర్ దగ్గర ‘కెన్ ఐ గెట్ ఏ కాఫీ?’ అనే అడుగుతారు. ‘గివ్ మి వన్ కాఫీ’ కన్నా అది మర్యాద కూడా. ఇంగ్లండ్‌లో పాతతరం వాళ్ళు దీనికీ మూతి ముడుస్తారు, ‘కెన్ ఐ హ్యావ్’ అనాలంటారు. వినేటప్పుడు, అమెరికన్ల నోట ‘గెట్ ఇట్’ దాదాపు ‘గెడిట్’ లా, ‘గాట్ యూ’ ‘గాచా’ లా వస్తుందని గుర్తుంచుకోండి. కాల్స్‌లో సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

చివరగా గాటెన్. ఒప్పే. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు చెలామణిలో ఉన్న రూపమే వలస వెళ్ళినవాళ్ళతో అమెరికా చేరింది. తర్వాత ఇంగ్లండ్‌లో అది చాలావరకు వాడుక తప్పి గాట్ మిగిలింది, ఫర్‌గాటెన్‌లోనూ, అక్రమార్జనను చెప్పే ‘ఇల్-గాటెన్’లోనూ మాత్రం పాత రూపం అలాగే ఉంది. అమెరికన్లు రెండూ వాడతారు, అర్థం వేరుచేసి. ‘ఐ హావ్ గాట్ ఏ కార్’ అంటే నాకు కారు ఉంది, ‘ఐ హావ్ గాటెన్ ఏ కార్’ అంటే కారు సంపాదించాను. ‘ఇట్స్ గాటెన్ వర్స్’ అంటే ముదిరింది. ఇందాకటి కవలలు కూడా వాళ్ళ దగ్గర విడిపోతాయి. ‘ఐ హావ్ గాట్ టు సీ ఇట్’ అంటే చూసి తీరాలి, ‘ఐ హావ్ గాటెన్ టు సీ ఇట్’ అంటే చూసే అవకాశం దొరికింది. మీరు మన పద్ధతిలో గాట్ అనే రాసుకోండి, క్లయింట్ మెయిల్‌లో గాటెన్ కనిపిస్తే దిద్దకండి. ఐఈఎల్‌టీఎస్ రాస్తుంటే బ్రిటిష్, అమెరికన్ రెండు పద్ధతులూ ఒప్పుకుంటారు, ఒకే జవాబులో రెండూ కలపకుండా చూసుకుంటే చాలు.